ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య: ఎన్నాళ్లో తెలియని రోజుల్ని దాటడం ఎలా

ఉద్యోగం పోయినవాళ్లను, లేదా విసిగిపోయి తామే మానేసినవాళ్లను, అన్నిటికంటే ఏది కష్టంగా ఉందని అడిగి చూడండి. ముందు డబ్బు అంటారు. కాసేపు మాట్లాడాక మాట మారుతుంది: "ఇంకా ఎన్నాళ్లో తెలిస్తే ఎలాగోలా నెట్టుకొచ్చేస్తాను" అంటారు. అసలు సంగతి అదే. మూడు నెలల తర్వాత జాయినింగ్ అని చేతిలో కాగితం ఉంటే ఆ మూడు నెలలూ సెలవుల్లా గడిచిపోతాయి. కాగితం లేకపోతే అవే మూడు నెలలు నిద్ర పట్టనివ్వవు.

ఆ పెద్ద గడువు మన చేతిలో లేదు. దాని చుట్టూ ఉన్న చిన్న గడువులు మాత్రం చాలావరకు మనవే. డబ్బు ఎప్పటిదాకా వస్తుంది, ఏ తేదీన ప్లాన్ మార్చుకుంటాం, రోజులో ఎన్నింటికి వెతకడం ఆపేస్తాం, జవాబు రాని మెయిల్ గురించి ఎన్నాళ్లు ఎదురుచూస్తాం, ఇవన్నీ మనమే వేసుకోగల తేదీలు. ఈ గైడ్ మొత్తం వాటి గురించే. ప్రమోషన్ తప్పిపోయినవాళ్లకు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్నవాళ్లకు, ఆఫర్ వచ్చి వెనక్కి పోయినవాళ్లకు కూడా ఇందులో సగానికి సగం పనికొస్తుంది.

1. కోపం చల్లారకముందే కాగితాలు

తీసేస్తున్నామని చెప్పే మీటింగ్‌లో మెదడు పనిచేయదు. అందుకే ఆ గదిలో ఏదీ సంతకం పెట్టకండి. "ఇది చదివి మీకు తిరిగి ఇస్తాను, ఎప్పటిలోగా కావాలి?" అని ఒక్క ప్రశ్న చాలు, అది అడగడం ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఆ వారంలోనే చేతికి రావాల్సినవి: పని చేసిన కాలాన్ని చూపించే లెటర్, జీతం స్లిప్పులు, మిగిలిన సెలవులకూ బోనస్‌కూ కలిపి చివరి సెటిల్‌మెంట్ లెక్క, ఆ డబ్బు ఏ తేదీకి పడుతుందన్నది రాతపూర్వకంగా. హెల్త్ ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగిపోతుందో తప్పకుండా అడగండి, చాలామంది ఇది ఆస్పత్రి మెట్లెక్కాకే తెలుసుకుంటారు. ఉద్యోగం ఎందుకు ముగిసిందని రికార్డులో రాస్తున్నారో కూడా చూడండి. పోస్టు తీసేయడం వేరు, పనితీరు బాగోలేదనడం వేరు, ఆ తేడా తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. మీరున్న చోట ప్రభుత్వం నిరుద్యోగ భృతి ఇస్తుంటే మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి, చాలా దేశాల్లో లెక్క మొదలయ్యేది దరఖాస్తు చేసిన రోజు నుంచే. వేరే దేశంలో వర్క్ వీసా మీద ఉంటే అన్నిటికన్నా ముందు ఆ గడువు చూసుకోవాలి.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఇచ్చేసే ముందు సహోద్యోగుల సొంత నంబర్లు రాసుకోండి. మీరు చేసిన పనుల్లో గుర్తున్న అంకెలు కూడా (ఎంత సమయం తగ్గింది, ఎంతమంది టీమ్, ఎంత పెద్ద ప్రాజెక్టు) రాసిపెట్టుకోండి, రెండు నెలలు పోతే అవి గుర్తురావు. కంపెనీ ఫైళ్లు మాత్రం ఇంటికి పంపుకోవద్దు, అసలే ఉన్న తలనొప్పికి అదొకటి తోడవుతుంది. సోషల్ మీడియాలో కడుపు మంట వెళ్లగక్కడం కూడా వద్దు. మిమ్మల్ని తీసేసినవాళ్లు ఆ పోస్టు చదవకపోవచ్చు గానీ, రేపు తీసుకోబోయేవాళ్లు చదువుతారు.

2. డబ్బును నెలల్లోకి మార్చండి

బ్యాంకులో ఎంత ఉందన్న అంకె భయపెట్టడానికే తప్ప దేనికీ పనికిరాదు. అది ఎన్ని నెలలు వస్తుందన్నదే కావాలి. గత మూడు నెలల ఖర్చులు ముందేసుకుని మూడు కుప్పలు చేయండి: ఆగనివి (అద్దె, ఈఎంఐ, తిండి, మందులు, ఫీజులు), తగ్గేవి, ఇవాళే ఆపేయగలిగినవి. ఆగనివీ, తగ్గించాక మిగిలినవీ కలిపితే మీ నెల ఖర్చు. చేతిలో ఉన్నదాన్ని దానితో భాగించండి. ఉన్నది 90 అనుకుంటే, నెల ఖర్చు 15 అయితే ఆరు నెలలు. ఇంకా పడని సెటిల్‌మెంట్‌ను లెక్కలో కలపకండి. పదవీ విరమణ కోసం దాచినదాన్ని కూడా.

ఇప్పుడు ఆ ఆరు నెలలను క్యాలెండర్ మీద పెట్టి మూడు తేదీలు గుర్తుపెట్టండి. రెండో నెల చివరిదాకా అదే హోదా, అదే స్థాయి జీతం కోసమే చూస్తారు, తగ్గరు. ఆ తేదీ దాటితే పరిధి పెంచుతారు: దగ్గరి రంగాలు, వేరే ఊళ్లు, కాంట్రాక్టు పనులు, కాస్త తక్కువ జీతం. నాలుగో నెల చివరి తేదీ దాటితే ముందు ఆదాయం, తర్వాతే హోదా: నెల గడిచే పని ఏదైనా పట్టుకుని పక్కన వెతుకులాట కొనసాగిస్తారు. మూడోది ఐదో నెల మధ్యలో. ఆ రోజుకు కూడా ఏదీ కుదరకపోతే పెద్ద ఖర్చుల మీదే చెయ్యి వేస్తారు: చిన్న ఇంటికి మారడం, బండి అమ్మడం, అప్పు వాయిదాలు మళ్లీ కుదుర్చుకోవడం.

ఈ తేదీలు వేసుకోవడం వల్ల వచ్చే లాభం డబ్బులో కన్నా నిద్రలో కనిపిస్తుంది. "తగ్గి చేరిపోవాలా, ఆగాలా" అన్న ప్రశ్న రోజూ అర్ధరాత్రి లేస్తుంది కదా, దానికి జవాబు ముందే రాసి ఉంటుంది: ఫలానా తేదీదాకా ఆలోచించక్కర్లేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని కంగారులో మార్చకూడదన్నది ఒక్కటే నియమం.

ఇంకో మాట. సెటిల్‌మెంట్ డబ్బు పడగానే భయంతో ఉన్న అప్పంతా ఒకేసారి తీర్చేయాలనిపిస్తుంది. ఆగండి. క్రెడిట్ కార్డు లాంటి భారీ వడ్డీ బాకీ అయితే ఆలోచించొచ్చు గానీ, తక్కువ వడ్డీ లోను తీర్చేసి చేయి ఖాళీ చేసుకుంటే రెండు నెలల తర్వాత అంతకన్నా ఎక్కువ వడ్డీకి అప్పు చేయాల్సి వస్తుంది. వాయిదా కట్టలేని నెల ముందుందని తెలిస్తే, అది తప్పకముందే బ్యాంకుకు ఫోన్ చేయండి. ముందుగా అడిగినవాడికి దొరికే వెసులుబాటు ఎగ్గొట్టాక అడిగినవాడికి దొరకదు.

3. ఇంట్లో చెప్పండి, నెలల లెక్కతో సహా

పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఆఫీసుకన్నట్టు బయల్దేరి సాయంత్రం దాకా ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవాళ్లు నిజంగానే ఉంటారు. రహస్యం మోయడానికయ్యే శక్తి అంతా వెతుకులాటలోంచే పోతుంది. "ఉద్యోగం పోయింది" అని మాత్రమే చెబితే ఇంట్లోవాళ్లకు కూడా అదే భయం అంటుకుంటుంది. "ఉద్యోగం పోయింది, ఖర్చు ఇంతకు తగ్గిస్తే ఆరు నెలలు ఇబ్బంది లేదు, రెండు నెలలు ఇలా చూస్తాను, కుదరకపోతే ఇలా చేస్తాను" అంటే వాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. పిల్లలకు వయసుకు తగ్గట్టు రెండు ముక్కలు చాలు, ఇంట్లో ఏదో తేడాగా ఉందని వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది.

వారానికొకసారి ఒక సమయం పెట్టుకుని అప్పుడే ఉద్యోగం కబుర్లు మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకోండి. రోజూ గుమ్మంలోనే "ఏమైనా తెలిసిందా?" అని అడగడం ప్రేమతోనే కావచ్చు, కానీ నెలరోజులు వినేసరికి అది హాజరు పట్టీలా మారిపోతుంది.

బయటివాళ్లకు ఒకే వాక్యం తయారుగా ఉంచుకోండి. "మా డివిజన్ మూసేశారు, ఇప్పుడు ఫలానా పనుల కోసం చూస్తున్నాను, మీకు తెలిసినచోట ఉంటే చెప్పండి." అంతే. దీనిలో సంజాయిషీ లేదు, పైగా చివర ఒక పని అప్పగించారు. ముఖం చాటేసే మనిషికి ఉద్యోగం కబురు అందే దారే ఉండదు.

4. రాసేయండి

ఇది వినడానికి ఉత్త సలహాలా ఉంటుంది, అందుకే దీని వెనకున్న పరిశోధన చెబుతాను. అమెరికాలో లేఆఫ్ అయిన 60 మంది పైచిలుకు వృత్తి నిపుణులతో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 1994లో అచ్చయింది. ఒక గుంపు వరసగా ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి లోపల ఉన్నదంతా రాసింది. ఇంకో గుంపు రోజువారీ పనుల గురించి రాసింది, మరో గుంపు ఏమీ రాయలేదు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో సగానికి పైగా పూర్తికాల ఉద్యోగాల్లో ఉన్నారు, మిగతావాళ్లు పావు వంతు కూడా దాటలేదు. వింత ఏమిటంటే రాసినవాళ్లు ఎక్కువ దరఖాస్తులేమీ పెట్టలేదు. పాత కంపెనీ మీద ఉన్న కోపం కాగితం మీదే ఖర్చయిపోయి, ఇంటర్వ్యూలో గొంతులోకి రాకుండా పోయిందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. చిన్న ప్రయోగమే, అందరికీ అంతే ఫలితం వస్తుందని కాదు. అయినా ఐదు రోజులు, ఇరవై నిమిషాలు, పోయేదేమీ లేదు.

రాసేటప్పుడు అచ్చుతప్పులు చూడకండి, ఎవరికీ చూపించకండి. అయ్యాక ఇంకో పేజీలో జరిగినదాన్నీ, మీరు దానికి చెప్పుకున్న అర్థాన్నీ విడదీయండి. "మూడు రౌండ్ల తర్వాత వేరేవాళ్లను తీసుకున్నారు" అన్నది జరిగింది. "నా వయసులో ఇంక ఎవరూ తీసుకోరు" అన్నది మీరు కలిపింది.

బాధపడటం వేరు, జబ్బు పడటం వేరు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండి, నిద్రా ఆకలీ దెబ్బతిని, దేని మీదా మనసు లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బతకడం దండగ అన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగే పనే లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, డాక్టర్‌కో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి.

5. రోజుకు మళ్లీ మొదలూ చివరా పెట్టండి

1930 ప్రాంతంలో, ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అనే చోట బట్టల మిల్లు మూతపడి ఊరు దాదాపు మొత్తం పని కోల్పోయింది. మారీ యహోదా, పాల్ లజార్స్‌ఫెల్డ్, హన్స్ త్సైజెల్ అనే పరిశోధకులు తమ బృందంతో వెళ్లి ఊరివాళ్ల రోజులు ఎలా గడుస్తున్నాయో గమనించి 1933లో ప్రచురించారు. ఇప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. ఖాళీ సమయం బోలెడంత దొరికింది కాబట్టి ఊరి లైబ్రరీ కిటకిటలాడాలి కదా, కానీ రెండేళ్లలో తీసుకెళ్లే పుస్తకాలు సగానికి పడిపోయాయి. వీధిలో మగవాళ్లు నెమ్మదిగా నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు, చాలామంది గడియారం పెట్టుకోవడమే మానేశారు. పొద్దుటి నుంచి ఏం చేశారో రాయమంటే చెప్పడానికేమీ ఉండేది కాదు. ఇంటిపనితో సతమతమయ్యే ఆడవాళ్లకు మాత్రం రోజు రోజులాగే ఉండేది.

యహోదా తర్వాత దీన్ని ఇంకా విడమరిచి చెప్పింది: ఉద్యోగం జీతంతో పాటు మనకు తెలియకుండా ఐదు ఇస్తుంది. రోజుకొక చట్రం, ఇంటి బయట మనుషులు, నలుగురితో కలిసి చేసే పని, సమాజంలో ఒక గుర్తింపు, క్రమం తప్పకుండా కదలాల్సిన అవసరం. జీతం పోయిందని అందరికీ తెలుస్తుంది, ఈ ఐదూ పోయాయని తెలియదు, అందుకే డబ్బుకు ఢోకా లేనివాళ్లు కూడా కుంగిపోతారు.

కాబట్టి ఐదింటినీ వేరే దారుల్లో తెచ్చుకోవాలి. లేచే సమయం మార్చకండి. ఉద్యోగం వెతకడానికి రోజుకు మూడు నాలుగు గంటలు, అదీ పొద్దున పూట, అది అయ్యాక ఆ రోజుకు సెలవే. పన్నెండు గంటలు ఫోన్‌లో జాబ్ యాప్‌లు జరుపుతూ కూర్చోవడం పనిచేసినట్టే అనిపిస్తుంది గానీ పని కాదు. మధ్యాహ్నం నేర్చుకోవడానికో, చిన్న పనికో. రోజులో ఒకసారి ఇల్లు దాటి నడవండి. అన్నిటికంటే ముఖ్యం, మీరు రాకపోతే "ఏరీ, ఇంకా రాలేదే" అని ఎవరైనా అనుకునే పని వారానికి ఒకటైనా ఉండాలి: ట్యూషన్ కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు, స్నేహితుడి వ్యాపారంలో లెక్కలు కావచ్చు.

ఒక రోజు పూర్తిగా సెలవు తీసుకోండి, తప్పుచేసినట్టు ఫీలవకుండా.

6. దగ్గరివాళ్లను దాటి అడగండి

కష్టం వస్తే ప్రాణస్నేహితులను అడుగుతాం. తోడుగా నిలబడటానికి వాళ్లే కావాలి, ఉద్యోగం కబురు మాత్రం ఎక్కువగా వేరేచోట నుంచి వస్తుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లను అడిగితే, కబురు చెప్పిన మనిషిని తరచూ కలుస్తామన్నవాళ్లు 16.7 శాతమే. ఎప్పుడో ఒకసారి కలుస్తామన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. కారణం తేలికే: మీ దగ్గరివాళ్లకు తెలిసింది మీకూ తెలుసు. లింక్డ్‌ఇన్‌లో దాదాపు 2 కోట్ల మంది ఖాతాల మీద జరిగి 2022లో అచ్చయిన ప్రయోగం కూడా ఇదే వైపు చూపించింది, మరీ ముక్కూమొహం తెలియనివాళ్ల కన్నా కాస్త పరిచయం ఉన్నవాళ్ల వల్ల మేలు ఎక్కువని.

అంటే నాలుగేళ్ల కిందటి టీమ్ లీడ్, ట్రైనింగ్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి, ఒకప్పుడు మీ క్లయింట్ దగ్గర పనిచేసిన ఆయన. మొహమాటం వేస్తుంది, ఇన్నాళ్లూ పలకరించకుండా ఇప్పుడు అవసరానికి గుర్తొచ్చానా అనుకుంటారేమోనని. ఆ మాటే ముందు ఒప్పేసుకుంటే సగం మొహమాటం పోతుంది:

"నమస్తే సర్, చాలా రోజులైంది, బాగున్నారా? బిల్లింగ్ ప్రాజెక్టులో మీతో పనిచేశాను. మా డివిజన్ గత నెల మూసేశారు, ఇప్పుడు టెస్టింగ్ లీడ్ పనుల కోసం చూస్తున్నాను. మీ కంపెనీలో ఈ విభాగం ఎలా ఉంటుందో ఒక పదిహేను నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా? ఈ వారం కాకపోయినా పర్వాలేదు."

ఇందులో "ఉద్యోగం ఇప్పించండి" అని లేదు, గమనించండి. ఉద్యోగం ఇప్పించడం చాలామంది చేతిలో ఉండదు, కాబట్టి అలా అడిగితే జవాబే ఇవ్వరు. పదిహేను నిమిషాలు అందరి చేతిలోనూ ఉంటాయి. కాల్ చివర మాత్రం "ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందంటారు?" అని అడగండి, ఒక్క పేరు దొరికినా ఆ కాల్ ఫలించినట్టే.

ఒక షీట్ పెట్టుకోండి: కంపెనీ, ఎవరి ద్వారా, పంపిన తేదీ, మళ్లీ అడిగే తేదీ, ఏ దశలో ఆగింది. చివరి కాలమ్ నెల తర్వాత చాలా చెబుతుంది. అసలు కాల్సే రాకపోతే లోపం రెస్యూమేలో ఉంది, లేదా మీకు సరిపడని పోస్టులకు పెడుతున్నారు. మొదటి కాల్ తర్వాత ఆగిపోతుంటే మీ గురించి మీరు చెప్పుకునే రెండు నిమిషాలు మార్చాలి, జీతం అంకె కూడా ఒకసారి చూసుకోవాలి. టెక్నికల్ రౌండ్‌లో పోతుంటే చదవాలి. చివరి రౌండ్ దాకా వెళ్లి పోతుంటే ఏమీ మార్చకండి, అక్కడ ముగ్గురూ సమర్థులే ఉంటారు, ఒకరినే తీసుకుంటారు.

ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బు అడిగితే, రిజిస్ట్రేషన్ అన్నా ట్రైనింగ్ అన్నా సెక్యూరిటీ డిపాజిట్ అన్నా, ఫోన్ పెట్టేయండి.

7. రానన్న ఆఫర్, రాని జవాబు

మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 1980లలో నిరుద్యోగుల కోసం ఒక శిక్షణ తయారుచేశారు. కొన్ని రోజుల తరగతులు. వెతకడం నేర్పించడంతో పాటు, ఎదురుదెబ్బ ఎలా ఉంటుందో ముందే ఊహించి అప్పుడేం చేస్తారో అక్కడే తేల్చుకునేలా చేశారు. హాజరైనవాళ్లకు త్వరగా, మెరుగైన ఉద్యోగాలు దొరకడమే కాదు, కుంగుబాటు కూడా తగ్గిందని తేలింది. మీరూ చేయొచ్చు, "అయితే, అప్పుడు" లెక్కన. వారం దాకా జవాబు రాకపోతే ఒక మెయిల్ పెడతాను, ఇంకో వారం చూసి షీట్‌లో మూసేస్తాను. నో అని వస్తే ఆ సాయంత్రం వెతుకులాట బంద్, మర్నాడు పొద్దున రెండు కొత్త మెసేజ్‌లు పంపుతాను. ఒకే కంపెనీ మీద ఆశలన్నీ పెట్టుకున్నానని అనిపిస్తే ఆ వారమే ఇంకో మూడు చోట్ల పెడతాను.

ఒక చోట మాత్రం గట్టిగా చెబుతాను: "దాదాపు కన్ఫర్మ్ అయినట్టే" అన్న మాట విని మిగతా ఇంటర్వ్యూలు ఆపేయకండి. హెచ్ఆర్ అబద్ధం చెప్పకపోవచ్చు, వాళ్ల పైన బడ్జెట్ ఆగిపోవచ్చు.

8. "ఈ గ్యాప్ ఏంటి?"

గ్యాప్ నష్టం చేస్తుందా అంటే, కొంత చేస్తుంది. అమెరికాలో దాదాపు 12,000 కల్పిత రెస్యూమేలు పంపి చేసిన ఒక ప్రయోగం 2013లో అచ్చయింది. ఖాళీగా ఉన్న కాలం పెరిగేకొద్దీ కాల్స్ తగ్గాయి, అయితే ఆ తగ్గుదల మొదటి ఎనిమిది నెలల్లోనే కనిపించింది, ఆ తర్వాత పెద్దగా తేడా లేదు. మొదటి నెలల్లో తాత్సారం పనికిరాదని ఒక అర్థం. ఏడాది దాటినవాళ్లకు ఇంకో అర్థం: రోజురోజుకూ దిగజారిపోతున్నానన్న భయం అక్కర్లేదు.

నెలలు అటూ ఇటూ జరిపి దాచకండి, వెరిఫికేషన్‌లో దొరికితే వచ్చిన ఆఫర్ కూడా పోతుంది. జవాబు మూడు ముక్కల్లో, అర నిమిషంలో అయిపోవాలి: ఏం జరిగింది, ఈలోపు ఏం చేశాను, ఇక్కడికి ఎందుకు వచ్చాను. "కంపెనీ ఆ ప్రొడక్టే ఆపేసింది, మా టీమ్ అంతా వెళ్లిపోయాం. ఈ ఐదు నెలల్లో ఒక చిన్న సంస్థకు స్టాక్ లెక్కల సిస్టమ్ తయారుచేసి ఇచ్చాను. మీ పోస్టులో అదే రకం పని పెద్ద స్థాయిలో ఉంది, అందుకే వచ్చాను." చెప్పి ఆపేయాలి. చాలామంది ఆగరు, ఎదురుగా ఉన్నవాళ్ల మౌనం చూసి కంగారుపడి పాత మేనేజర్ కథ మొదలుపెడతారు, అక్కడ చెడుతుంది. ఇంట్లో గట్టిగా చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, ఎక్కడ గొంతు మారుతుందో మీకే తెలుస్తుంది. పనితీరు కారణంగానే తీసేసి ఉంటే అది కూడా ఒక్క వాక్యంలో ఒప్పుకుని, అప్పటినుంచి ఏం మార్చుకున్నారో చెప్పండి.

9. ఆఫర్ వచ్చాక

ఏది వచ్చినా ఎగిరి గంతేసి ఓకే అనాలనిపిస్తుంది. ఒకటి రెండు రోజులు అడగండి, ఇస్తారు. మీ తేదీల కాగితం తీసి చూడండి. మొదటి తేదీ ఇంకా రాలేదు, ఆఫర్ బాగా తక్కువ అనుకోండి, వద్దనే హక్కు మీకుంది, ఆ లెక్క మీరే వేసుకున్నారు. తేదీలు దాటిపోయి ఉంటే చేరండి, చేరి చూసుకోవచ్చు. జీతం బేరం చేయడానికి జంకకండి, మర్యాదగా అడిగినందుకే ఆఫర్ వెనక్కి తీసుకునే చోట పనిచేయడం ఎలాగూ కష్టమే. రాతపూర్వకంగా లెటర్ వచ్చి జాయినింగ్ రోజు దాటేదాకా షీట్ మూసేయకండి.

చేరిన మొదటి వారంలో, మీతో పదిహేను నిమిషాలు మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఫలానా చోట చేరానని కబురు పెట్టండి, పని జరిగినా జరగకపోయినా. మొదటి జీతం నుంచే ఆ తగ్గించిన నెల ఖర్చును ఇంకొన్నాళ్లు కొనసాగించి, వాడేసిన నెలలను ఒక్కొక్కటిగా తిరిగి పూడ్చండి. షీట్‌ను మాత్రం డిలీట్ చేయకండి, అందులో పేర్లున్నాయి.